థాయ్‌లాండ్‌లో ఇంగ్లీష్ చెబుతూ స్కూల్ మారాలంటే ముందు కాగితాలు, ఆ తర్వాతే రాజీనామా

మీరు అడిగింది ఇదీ: గాజువాక నుంచి వెళ్లి థాయ్‌లాండ్‌లో ఒక చిన్న ఊళ్లో, ఏజెన్సీ ద్వారా, ప్రైవేట్ స్కూల్లో ఇంగ్లీష్ చెబుతున్నారు. బ్యాంకాక్‌లో ఇంకో స్కూల్ ఎక్కువ జీతం ఇస్తాం, వెంటనే వచ్చి చేరమంటోంది. ఇక్కడ రాజీనామా ఇచ్చేసి బయల్దేరొచ్చా అని.

ఇప్పుడే ఇవ్వకండి. మారొద్దని కాదు, తప్పకుండా మారండి. మనవాళ్లకి, ఫిలిప్పీన్స్ వాళ్లకి అక్కడ చాలా స్కూళ్లు తెల్లవాళ్లకంటే తక్కువ జీతం ఇస్తాయి, అదే క్లాసు, అదే పుస్తకం, అవే పేపర్లు దిద్దడం, అయినా తక్కువే. అందుకే మంచి ఆఫర్ వస్తే మనసు ఆగదు, ఆగాల్సిన పని కూడా లేదు. కానీ రాజీనామా లెటర్ మాత్రం అన్ని కాగితాలూ సిద్ధమయ్యాక ఇవ్వాల్సింది.

మాది ఎంవీపీ కాలనీ. ఏయూలో ఎంఏ ఇంగ్లీష్ చేసి థాయ్‌లాండ్‌లో కొన్నేళ్లు పాఠాలు చెప్పాను, మధ్యలో ఏజెన్సీ వదిలి నేరుగా స్కూల్ ఉద్యోగంలోకి మారాను, ఇప్పుడు వైజాగ్‌లోనే ఉంటున్నాను. చెప్పేదంతా థాయ్‌లాండ్ సంగతి. మిగతా దేశాల్లో పద్ధతి వేరు. జపాన్‌లో అయితే వీసా ఒక్క యజమానికే కట్టి ఉండదు, ఉద్యోగం మానినా మారినా 14 రోజుల్లో ఇమ్మిగ్రేషన్‌కి తెలియజేయాలి, ఖాళీగా 3 నెలలు దాటకుండా చూసుకోవాలి. కాబట్టి అక్కడున్న స్నేహితులు చెప్పే ధైర్యం మీకు పనికిరాదు.

ఇక్కడ ద్వారకానగర్‌లో శుక్రవారం మానేసి సోమవారం మధురవాడలో చేరినా అడిగేవాడు ఉండడు. థాయ్‌లాండ్‌లో మీరు ఉండటానికి ఇచ్చిన అనుమతే ఆ ఉద్యోగం మీద ఆధారపడి ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో స్టాంపు మీద వచ్చే మార్చి వరకు తేదీ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు, అది సరికాదు, ఉద్యోగం ఆఖరి రోజుతో ఆ అనుమతి కూడా అయిపోతుంది. ఆ రోజు ఇమ్మిగ్రేషన్‌కి వెళ్లి 1,900 బాత్‌లు కట్టి అడిగితే సర్దుకుని వెళ్లడానికి 7 రోజులు ఇస్తారు. అదీ దాటితే ఓవర్‌స్టే, రోజుకి 500 బాత్‌ల జరిమానా, 20,000 వరకు. జరిమానా కట్టి బయటపడొచ్చులే అనుకోకండి, మీ అంతట మీరు వెళ్లి కట్టడం వేరు, మధ్యలో చెకింగ్‌లో దొరకడం వేరు. దొరికితే మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టకుండా ఏళ్ల తరబడి నిషేధం పడుతుంది.

మరి ఎలా మారాలి అంటే, దారులు రెండు. మొదటిది, పాత చోట వీసా, వర్క్ పర్మిట్ కాన్సిల్ చేసే రోజుకే కొత్త స్కూల్ తన కాగితాలన్నీ తయారు చేసి పెట్టుకుని, అదే రోజు ఇమ్మిగ్రేషన్‌లో కొత్త దరఖాస్తు పడేలా చూడటం. దేశం వదలక్కర్లేదు, కానీ రెండు ఆఫీసులూ తేదీ మాట్లాడుకోవాలి, ఇద్దరిలో ఎవరు ఒక్క రోజు అటూ ఇటూ చేసినా ఇబ్బంది పడేది మీరే. రెండోది, బయటికి వెళ్లి కొత్త స్కూల్ ఇచ్చే లెటర్లతో మళ్లీ నాన్-బీ వీసా, అంటే అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే వీసా, తెచ్చుకోవడం. లావోస్‌లో వియంటియాన్‌కో సవన్నఖెత్‌కో వెళ్లేవాళ్లు ఎక్కువ, సెలవులు కలిస్తే ఇంటికొచ్చి ఇండియా నుంచే వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ వీసాతో 90 రోజులు వస్తాయి, ఆలోపు వర్క్ పర్మిట్ అయ్యాక ఏడాదికి పొడిగిస్తారు. నిదానమే, ఖర్చే, కానీ కొత్త స్కూల్ ఆఫీసు పని తీరు మీకు తెలియనప్పుడు ఇదే నయం.

మారేముందు మీ వర్క్ పర్మిట్ తీసి యజమానిగా ఎవరి పేరుందో చూడండి, ఏజెన్సీదా, స్కూల్‌దా. జీతం ఏజెన్సీ ఇస్తున్నా పర్మిట్ స్కూల్ పేరు మీద ఉండొచ్చు, అప్పుడు కాన్సిల్ లెటర్ ఇవ్వాల్సింది స్కూలే. నా విషయంలో ఏజెన్సీ వాళ్లు ఈ వారం, వచ్చే వారం అంటూ లెటర్ నానబెట్టారు. ఫోన్లో మాట్లాడటం మానేసి, ప్రతి మాటా లైన్‌లో (అక్కడ అందరూ వాడే వాట్సాప్ లాంటి యాప్), మెయిల్‌లో రాతపూర్వకంగా పెట్టడం మొదలుపెట్టాను. అయినా కదిలింది మా స్కూల్ ఆఫీసులో ఒక పెద్దావిడ వల్ల, అందరూ ఆవిణ్ణి పీ అని పిలిచేవాళ్లం (మనం అక్కా అన్నట్టు), ఆవిడ థాయ్‌లో ఒక్క ఫోన్ చేసి తేదీ ఖాయం చేయించింది. అందుకే చెబుతున్నా, ప్రిన్సిపాల్ కంటే ముందు ఆఫీసులో వీసా పనులు చూసే మనిషితో మర్యాదగా, మంచిగా ఉండండి.

టీచర్ లైసెన్స్ సంగతి కూడా మరిచిపోవద్దు. బీఈడీ లాంటిది లేనివాళ్లకి ఖురుసపా, అంటే అక్కడి టీచర్స్ కౌన్సిల్, రెండేళ్లకి తాత్కాలిక అనుమతి ఇస్తుంది, దాన్ని అడిగేది స్కూలే, కాబట్టి స్కూల్ మారితే ఆ పని కూడా కొత్త స్కూల్ మళ్లీ చూడాలి. మీకు బీఈడీ ఉంటే మొదటి మాటలోనే చెప్పండి, చాలా తేడా ఉంటుంది.

ఇంటి నుంచి తెప్పించుకోవాల్సినవి ఇప్పుడే మొదలుపెట్టండి. ప్రొవిజనల్‌తో నెట్టుకొస్తుంటే ఏయూలో ఓడీకి, అంటే ఒరిజినల్ డిగ్రీ పట్టాకి, అప్లై చేయించండి, మార్కుల మెమోలు అన్నీ ఒకచోట పెట్టించండి. పోలీస్ క్లియరెన్స్ కోసం మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసు దాకా రానక్కర్లేదు, బ్యాంకాక్‌లోని మన ఎంబసీ ద్వారా పెట్టుకోవచ్చు. టోయిక్ (ఇంగ్లీష్ పరీక్ష) స్కోర్ పాతదైతే మళ్లీ రాయమంటారేమో కొత్త స్కూల్‌నే అడగండి. పాత యజమాని దగ్గర పన్ను కోత సర్టిఫికెట్, వాళ్లు ఫిఫ్టీ తవి అంటారు, అది చేతిలో పడకుండా ఊరు వదలకండి. తర్వాతి ఏడాది పన్ను రిటర్న్‌కి అదే ఆధారం, వెళ్లిపోయాక అడిగితే ఎవరూ పట్టించుకోరు.

ఎప్పుడు మారాలి? అక్కడ చదువులు మే మధ్యలో మొదలై మార్చిలో ముగుస్తాయి, మధ్యలో అక్టోబర్ సెలవులు. ఆ రెండు చోట్లలో ఏదో ఒకటి పట్టుకోండి. టర్మ్ మధ్యలో వదిలితే కాగితాల బాధ ఒకటే కాదు, మీ నాలుగో క్లాసు పిల్లలకి టీచర్ లేకుండా పోతుంది, ఇంకో మనిషి దొరికేదాకా ఆ పీరియడ్లు అలా ఖాళీగానే గడుస్తాయి, నాకు అది మనసొప్పని పని. మంచి స్కూల్ అయితే నెలన్నర ఆగుతుంది. 'ముందు వచ్చి క్లాసులు మొదలుపెట్టండి, వీసా తర్వాత చూద్దాం' అన్నారంటే జీతం ఎంతైనా వద్దనండి. పర్మిట్ లేకుండా పాఠం చెబుతూ దొరికితే విమానం ఎక్కించేది మిమ్మల్ని.

జీతం పోల్చేటప్పుడు నెల అంకె ఒక్కటే చూడకండి. కొన్ని ఒప్పందాలు 10 నెలలకే ఉంటాయి, మార్చి, ఏప్రిల్ జీతం ఉండదు. బ్యాంకాక్ గది అద్దె మీ ఊరితో పోలికే లేదు.

ఆ ఆఫర్ లెటర్‌లో ఒప్పందం ఎన్ని నెలలకో, వీసా, వర్క్ పర్మిట్ ఖర్చు ఎవరిదో, కాన్సిల్ అయిన రోజే కొత్త దరఖాస్తు వేస్తారో లేదో రాసి ఉందా? లేకపోతే ఈ మూడూ అడుగుతూ మెయిల్ పెట్టండి, వాళ్లు ఏం రాశారో ఇక్కడ చెప్పండి, చూసి చెబుతాను.