మొక్కజొన్న షీటు కరగకపోతే తప్పు నేలది కాదు

ప్రశ్న: మొక్కజొన్నతో తయారైనదని, పంట ముగిసేసరికి నేలలో కరిగిపోతుందని డీలరు చెబితే ఎకరం మిరపలో మల్చింగ్ షీటు పరిచాను. కోతలు పూర్తయి రెండు నెలలైనా కరగలేదు. రోల్ మీద పి.ఎల్.ఎ. అనీ, ఐ.ఎస్./ఐ.ఎస్.ఓ. 17088 అనీ ఉంది. మా నేలలో సూక్ష్మజీవులు చచ్చిపోయాయని నా అనుమానం. డీలరు కూడా అదే మాట చెప్పి ఒక ద్రావణం ఇచ్చారు. ఎంత మోతాదులో చల్లాలి? మాగాణి మొక్కజొన్నకు ఎకరాకు ఎనిమిది బస్తాల యూరియా వేస్తాను. ఆ గింజలను ఇలాంటి షీట్ల తయారీకి అమ్మితే పర్యావరణానికి మేలేనా?
– ఒక రైతు, ప్రత్తిపాడు మండలం, గుంటూరు జిల్లా

జవాబు: ఏ మోతాదులోనూ చల్లవద్దు. మీ అనుమానం సరైనది కాదు. పి.ఎల్.ఎ. అంటే మొక్కజొన్న పిండిని చక్కెరగా మార్చి, పులియబెట్టి, వచ్చిన లాక్టిక్ ఆమ్లంతో చేసే ప్లాస్టిక్. అది త్వరగా కుళ్లాలంటే కంపోస్టు కర్మాగారంలో ఉండే సుమారు 58 డిగ్రీల వేడి, తేమ రెండూ వారాల తరబడి కలిసి ఉండాలి. రోహిణి కార్తెలో కూడా మన నల్లరేగడి పొరల్లో ఆ పరిస్థితి నిలవదు. రోల్ మీది 17088 అలాంటి కంపోస్టుకు సంబంధించిన ప్రమాణమే తప్ప పొలానికి సంబంధించినది కాదు. నేలలో కలిసే షీట్లకు ఐరోపాలో ఇ.ఎన్. 17033 అనే వేరే ప్రమాణం ఉంది. అది కూడా 24 నెలల్లో 90 శాతం విచ్ఛిన్నం కావాలని అడుగుతుందే గాని, పంట ముగిసేలోపు కరుగుతుందని హామీ ఇవ్వదు. పైరు నుంచి పుట్టినంత మాత్రాన ఒక వస్తువు నేలలో కలిసిపోతుందనుకోవడం పొరపాటు: పెట్రోలియం నుంచి వచ్చే పి.బి.ఎ.టి. అనే ప్లాస్టిక్ నేలలో పి.ఎల్.ఎ. కంటే త్వరగా కుళ్లుతుంది.

నేల పదునుగా ఉన్నప్పుడు షీటును చేత్తో లాగి పూర్తిగా ఏరివేయండి. ఆ తరువాతే రోటవేటర్ దించండి. ముక్కలైతే ఏరడం ఎవరి తరమూ కాదు. వచ్చే పంటకు తెనాలి వైపు నుంచి వరిగడ్డి తెప్పించి వామి వేసుకుని, నాటిన 20–25 రోజులకు ఎకరాకు 2–2.5 టన్నులు, మొదళ్లకు జానెడు దూరం వదిలి పరచండి.

ఇక మీ రెండవ ప్రశ్న అసలైనది. పైరుతో చేసిన వస్తువు మంచిచెడ్డల లెక్క కర్మాగారంలో కాదు, మీ యూరియా బస్తా దగ్గరే మొదలవుతుంది. వేసిన నత్రజనిలో సుమారు ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుందని అంతర్జాతీయ లెక్కల్లో తీసుకుంటారు. నూరేళ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కంటే 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఎనిమిది బస్తాలంటే 165 కిలోల నత్రజని, అంటే ఎకరానికి దాదాపు 700 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. రబీ మొక్కజొన్నకు సిఫారసు ఎకరాకు 80–96 కిలోల నత్రజనే, అనగా ఇతర ఎరువుల్లోని నత్రజనిని కూడా కలుపుకొని సుమారు నాలుగు నుంచి నాలుగున్నర బస్తాల యూరియాకు సమానం. అంత వేసిన గింజతో చేసిన షీటును పర్యావరణహితమని నేను అనలేను.

భూసార పరీక్ష ఎప్పుడు చేయించారో మీరు రాయలేదు, చేయించలేదనే అనుకుంటున్నాను. పొలంలో 8–10 చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచుల మట్టిని కలిపి, అర కిలో నమూనాను రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. సరుకు అమ్మినవారే జబ్బు కనిపెట్టి, మందు కూడా వారే అమ్మితే ఒకసారి ఆగి ఆలోచించాలి. సీసా మూత తీయకుండా ఉంటే బిల్లుతో పాటు తిరిగి ఇచ్చేయండి.