సమాధానం: బోరు నీళ్లలో ఫ్లోరైడ్ 2.8, మరిగిస్తే సరిపోతుందా?

సరిపోదండీ, మరిగిస్తే ఇంకా పెరుగుతుంది. 10 లీటర్లు కాచి 8 లీటర్లు మిగిలితే లీటరుకు 2.8 మిల్లీగ్రాములున్న మీ ఫ్లోరైడ్ 3.5 అవుతుంది. నీళ్లు ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది.

"అమెరికాలో ఫ్లోరైడ్‌ని నీళ్లలో కావాలని కలుపుతారు కదా" అని మీ అబ్బాయి అన్నది నిజమే. పళ్లు పుచ్చకుండా 1945లో అక్కడి గ్రాండ్ రాపిడ్స్ నగరంలో మొదలుపెట్టారు. 2015 నుంచి అక్కడి సిఫార్సు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు మాత్రమే. అడగకుండా అందరి కుళాయిలో కలపడం హక్కులకు భంగమన్న వాదనా ఉంది, 2025లో యూటా రాష్ట్రం నిషేధించింది కూడా. కానీ ఆ గొడవ 0.7 గురించి. మన దేశపు తాగునీటి ప్రమాణంలో కోరదగిన హద్దు 1.0, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5. మీది ఆ 1.5కి దాదాపు రెట్టింపు.

క్యాండిల్ ఫిల్టర్, యూవీ దీన్ని తీయవు. ఆర్‌ఓ తీస్తుంది, కానీ టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపేది) ఫ్లోరైడ్‌ని విడిగా చూపదు, రుచిలోనూ తెలియదు. అందుకే బిగించాక ఒకసారి, మెంబ్రేన్ (లోపల నీళ్లను వడగట్టే పొర) పాతబడ్డాక మరోసారి, ఫిల్టరై బయటికొచ్చే నీళ్లనే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఆర్‌ఓ పక్క పైపులో వృథాగా వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ, వాటిని వంటకు వాడొద్దు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: తాగడానికి ఫిల్టరు నీళ్లు, అన్నానికీ పప్పుకీ బోరు నీళ్లు. మీ ఊళ్లో మిషన్ భగీరథ (తెలంగాణ ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా వస్తుంటే తాగడానికీ వంటకీ అవే పట్టుకోండి. బోరు స్నానానికీ బట్టలకీ చాలు.