ముసుగా? వేషమా?

సందేహం: మనుషుల మీద సమాజం మోపే బాధ్యతల గురించి వ్యాసం రాస్తూ ‘సమాజం తొడిగిన ముసుగు’ అన్నాను. ముసుగు తొడగడమేమిటని స్నేహితురాలు తప్పుపట్టింది. ముసుగు, వేషం, పాత్ర, భూమిక – వీటిలో ఏది వాడాలి?

సమాధానం: మీ స్నేహితురాలి అభ్యంతరం న్యాయమైనదే. ముసుగు వేసుకుంటాం, కప్పుకుంటాం, ముసుగు తన్ని పడుకుంటాం. తొడిగేది ఉంగరాన్ని, చొక్కాను. పైగా ముసుగు ఉన్న ముఖాన్ని మరుగుపరుస్తుందే గాని, మరో రూపాన్ని చూపదు. మీరు చెప్పదలచినది వేరు. లోకం మనిషికి ఒక రూపం కట్టి, ఇక ఆ రూపంతోనే మాట్లాడుతుంది. అది వేషం.

ఈ సంగతి తిక్కన కంటే బాగా చెప్పినవారిని నేను చూడలేదు. ఆయన భారతంలోని విరాటపర్వంలో, అజ్ఞాతవాసానికి పాండవులు తమ వేషాలను తామే ఎంచుకున్నారు. కానీ ఒకసారి కొలువులో చేరాక ఆ వేషమే వారిని శాసించింది. విరాటుడి రాణి సుధేష్ణ మద్యం తెమ్మని కీచకుడి ఇంటికి పంపితే, బతిమాలుకున్నా ద్రౌపదికి వెళ్లక తప్పలేదు. ఆమె వేషం సైరంధ్రి, అంటే రాణికి అలంకారం చేసే పరిచారిక. సైరంధ్రి రాణిమాట కాదనగలదా? కీచకుడు నిండుసభలో తన్నినప్పుడు ధర్మరాజు తాను వేసిన కంకుభట్టు వేషంలోనే కూర్చున్నాడు. పైగా, నాట్యం చేస్తున్నట్లు ఇలా నిలబడడం కులసతులకు తగునా అని ఆమెనే మందలించాడు. అప్పుడామె అన్న మాట చూడండి: ‘నాదు వల్లభుండు నటుఁ డింత నిక్కంబు’. నా భర్త నటుడు, ఇది నిజం; పెద్దలెలాగో పిన్నలూ అలాగే, కాబట్టి నేను శైలూషిని కానని అనడానికి వీల్లేదు అంటుంది. శైలూషి అంటే నటి. అంత కోపంలోనూ ఆమె సంబోధన ‘కంకభట్ట’ అనే! సభకు ఒక పరిచారిక ఎదురుమాట వినిపించింది. ధర్మరాజుకు వినిపించింది భార్య గుండెకోత. వేషం ఎంత బరువో తెలియాలంటే ఆ ఒక్క సంబోధన దగ్గర కాసేపు ఆగాలి.

‘పాత్ర’ సంగతి. ‘యోగ్యభాజనయోః పాత్రమ్’ అని సంస్కృత నిఘంటువు అమరకోశం. గిన్నె ఒక అర్థం, అర్హత ఉన్నవాడు మరొకటి. అపాత్రదానం, విశ్వాసపాత్రుడు అన్న మాటల్లో ఆ అర్హత ఇంకా బతికే ఉంది. అర్హత, ఇష్టం అడగకుండా నెత్తిన రుద్దినదాన్ని పాత్ర అనడానికి నాకు మనసొప్పదు. ఈ రోజుల్లో వానలూ ‘కీలక పాత్ర పోషిస్తున్నాయి’, ధరలూ పోషిస్తున్నాయి! వానలు పంటను పోషిస్తాయి, పాత్రను కాదు. ‘వానల వల్ల పంట పండింది’ అంటే ఏం పోయింది?

భూమిక అన్నా నటుడు ధరించే వేషమే. పీఠిక అన్న అర్థమూ ఉంది.

‘సమాజం కట్టించిన వేషం’ అనమంటాను. అయితే ‘వేషాలు వేయకు’ అన్నప్పటి నిందార్థం మాటకు అంటుకునే ఉంది. నింద వద్దనుకున్నచోట ఆలోచించి వాడండి. సమాజశాస్త్రం ‘సామాజిక పాత్ర’ను పారిభాషిక పదంగా స్థిరపరచుకుంది. మీ వ్యాసం ఆ శాస్త్రపద్ధతిలో సాగితే అదే ఉంచండి, నేను అడ్డుచెప్పను.