తేదీలు మీరు వేయకండి, చార్టునే వేయనివ్వండి

ప్రశ్న: మాది ఏడుగురున్న చిన్న ఇంటీరియర్స్ టీం. ఇన్నాళ్లూ ఇళ్లే చేశాం, ఇప్పుడు మొదటిసారి ఒక డెంటల్ క్లినిక్ ఒప్పుకున్నాం. డాక్టర్ గారు పని మొదలుపెట్టకముందే గాంట్ చార్ట్, అంటే ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో పట్టీల్లో చూపే చార్టు, పంపమన్నారు. సాఫ్ట్‌వేర్ తెరిచాను గానీ ఆ బటన్లన్నీ చూసి టెన్షన్ పట్టుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు ఆ సాఫ్ట్‌వేర్ మూసేయండి, నిజంగానే. ఒక తెల్లకాగితం తీసుకుని మీ ఎలక్ట్రీషియన్‌నీ, ప్లంబర్‌నీ, టైల్స్ మేస్త్రినీ, కార్పెంటర్‌నీ కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ రెండే ప్రశ్నలు అడగండి: నీ పనికి ఎన్ని రోజులు పడుతుంది, ఏది పూర్తయితే గానీ నువ్వు మొదలుపెట్టలేవు? మొదటిదానికి అందరూ చకచకా చెప్పేస్తారు. రెండోదాని దగ్గరే వాదన మొదలవుతుంది, ఆ వాదన ఇప్పుడు కాగితం మీద జరగడమే మంచిది, లేకపోతే రేపు సైట్‌లో జరుగుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది ప్రతి పనికీ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ టైప్ చేసుకుంటూ పోతారు. రంగురంగుల పట్టీలతో బొమ్మ అందంగానే వస్తుంది, డాక్టర్ గారికి నచ్చుతుంది కూడా. కానీ టైల్స్ రెండు రోజులు ఆలస్యమైతే మిగతా పట్టీలేవీ కదలవు, ఎందుకంటే వాటి మధ్య సంబంధం మీరు చెప్పలేదు కదా. అందుకే ప్రాజెక్టు మొదలయ్యే తేదీ ఒక్కటే మీరివ్వండి. ప్రతి పనికీ ఎన్ని రోజులు, దేని తర్వాత అన్నది మాత్రం నింపండి. ఆ రెండోదాన్ని ప్రెడెసెసర్ అంటారు. మిగతా తేదీలు సాఫ్ట్‌వేరే వేస్తుంది.

మీ క్లినిక్కే తీసుకుందాం, అంకెలు ఊహించినవే అనుకోండి. ప్లంబింగ్ లైన్లు 4 రోజులు, వాటర్‌ప్రూఫింగ్ 2, నీళ్లు నిలబెట్టి చూడటానికి 2, టైల్స్ 6. ఇంతవరకు 14. టైల్స్ పడ్డాకే కార్పెంటర్ అసలు కొలతలు తీసుకుంటాడు, దానికి 1. వర్క్‌షాపులో క్యాబినెట్లకు 12. అంటే 27 రోజులు. ఇంకోపక్క గోడల్లో కరెంటు పైపులు 5, ఫాల్స్ సీలింగ్ ఫ్రేము 3, అందులో వైరింగ్ 2, బోర్డులు 2, పుట్టీ ప్రైమర్ 5, మొదటి కోటు 3, మొత్తం 20. ఈ రెండు దారులూ కలిశాక సైట్‌లో క్యాబినెట్ల ఫిట్టింగ్ 4, చివరి కోటు 2. మొత్తం 33 పనిరోజులు.

ఇప్పుడు చూడండి, మొదటి కోటుకి పెయింటర్ రెండు రోజులు రాకపోతే మీరంతా గోల పెడతారు, కానీ అతని దారిలో 7 రోజుల వెసులుబాటుంది. టైల్స్ మేస్త్రి ఒక్కరోజు రాకపోతే మాత్రం క్లినిక్ తెరవడమే ఒకరోజు వెనక్కి పోతుంది. ఆలస్యమైతే మొత్తం ప్రాజెక్టునే ఆలస్యం చేసే ఆ మొదటి దారినే క్రిటికల్ పాత్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని చూపించే ఆప్షన్ ఉంటుంది, సాధారణంగా ఎరుపు రంగులో వస్తుంది. నన్నడిగితే గాంట్ చార్ట్‌లో పనికొచ్చే విషయాల్లో సగం ఇదే. ఎవరికి ఫోన్ చేసి ఒత్తిడి పెట్టాలో, ఎవరిని ప్రశాంతంగా వదిలేయాలో తెలుస్తుంది.

ఇక క్యాలెండర్. దీన్ని ఎవరూ పట్టించుకోరు. చాలా సాఫ్ట్‌వేర్‌లు శని, ఆదివారాలు సెలవు అనుకునే మొదలవుతాయి. మన సైట్లలో శనివారం పని ఉంటుంది. అది మార్చకపోతే పై 33 పనిరోజులు సోమవారం మొదలుపెట్టిన లెక్కన 45వ రోజున పూర్తవుతాయని చూపిస్తుంది, శనివారాన్ని పనిరోజు చేస్తే 38వ రోజుకే. సరిగ్గా వారం తేడా. అలాగే సంక్రాంతి మధ్యలో వస్తే ఆ సెలవులూ పెట్టండి, పండక్కి ఊరెళ్లిన మేస్త్రీలు కనుమ మర్నాడే తిరిగొస్తారని మాత్రం లెక్క వేసుకోకండి.

మీ పని కానిది కూడా చార్టులో ఉండాలి. డెంటల్ చైర్‌కి నీళ్లు, డ్రెయిన్, గాలి, కరెంటు చాలాచోట్ల ఫ్లోర్ కిందనుంచే వస్తాయి, కాబట్టి చైర్ సప్లయర్ డ్రాయింగ్ ఇవ్వకుండా ప్లంబింగ్ మొదలుపెడితే తర్వాత వేసిన టైల్స్ మళ్లీ పగలగొట్టాలి. "చైర్ డ్రాయింగ్ అందడం" అని సున్నా రోజుల పని ఒకటి పెట్టండి, దాన్ని మైల్‌స్టోన్ అంటారు, ప్లంబింగ్‌ని దానికి లింక్ చేయండి. "డాక్టర్ గారి డిజైన్ ఓకే" అన్నది కూడా అలాగే. మీకు ఇదే పెద్ద రక్ష. ఆయన ఓకే చెప్పడం పది రోజులు ఆలస్యమైతే చార్టులో తేదీలు వాటంతటవే వెనక్కి జరుగుతాయి, మీరు మాట తూలాల్సిన పని లేదు.

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వాడుతున్నట్టయితే ఒక్క హెచ్చరిక: అందులో మామూలుగా కొత్త పనులు మాన్యువల్ షెడ్యూల్‌లో పడతాయి, అలా ఉంటే తేదీలు వాటంతటవి జరగవు. మొదటే ఆటోకి మార్చుకోండి. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే గాంట్‌ప్రాజెక్ట్ ఉచితం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, పీడీఎఫ్ తీసి వాట్సాప్‌లో పంపేయొచ్చు. అది రోజుల లెక్కనే పనిచేస్తుంది, గంటల లెక్క కాదు. మీకు అది చాలు.

ప్రశ్న: ఇంజనీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టుకి నలుగురం ఉన్నాం. ఎక్సెల్‌లో గాంట్ చార్ట్ గీస్తే సరిపోదా?
- ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: సరిపోతుంది. పదిహేను పనుల లోపు అయితే ఎక్సెల్‌లో స్టాక్డ్ బార్ వేసి, మొదలయ్యే తేదీని చూపే మొదటి భాగానికి రంగు తీసేస్తే గాంట్ చార్ట్ అయిపోతుంది. ఒకటి మారిస్తే మిగతావి కదలాలంటే మాత్రం ఫార్ములాలు మీరే రాసుకోవాలి. మీ గైడ్ మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో చేసిన .ఎంపీపీ ఫైల్ ఇచ్చి అందులోనే చేయమంటే ప్రాజెక్ట్‌లిబ్రే చూడండి, అది ఉచితం, ఆ ఫైళ్లను తెరుస్తుంది. ఇంకోటి, "రిపోర్ట్ రాయడం" అని చివర ఒకే పట్టీ పెట్టి రెండు రోజులు ఇస్తారు చూశారా, అది మార్చండి ముందు.

ప్రశ్న: ఈ చార్టును కనిపెట్టిందెవరు? పోటీ పరీక్షకి కావాలి.
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అమెరికన్ ఇంజనీర్ హెన్రీ గాంట్ (1861-1919) పేరుతో నిలిచిపోయింది, పరీక్షలో ఆ పేరే రాయండి. కానీ అంతకుముందే 1896లో పోలండ్‌కి చెందిన ఇంజనీర్ కరోల్ ఆడమియెట్‌స్కీ దాదాపు ఇలాంటిదే తయారుచేశాడు. పైన చెప్పిన క్రిటికల్ పాత్ లెక్క చాలా తర్వాతిది, 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ పనుల్లోంచి వచ్చింది.

ప్రశ్న: మా ఆఫీసులో చార్టు బ్రహ్మాండంగా వేశాం. రెండు వారాలకే ఎవరూ చూడటం మానేశారు. అందరి పనీ 90 శాతం దగ్గరే ఆగి ఉంది. ఏం చేయాలి?
- ఒక టీం లీడ్, హైదరాబాద్

జవాబు: శాతాలు అడగడం ఆపేయండి. ఎంతైంది అంటే తొంభై అనే చెబుతారు, ఎవరైనా అంతే. "ఇంకా ఎన్ని రోజులు?" అని అడగండి. సోమవారం మూడు రోజులన్నవాడు గురువారం కూడా మూడు రోజులే అంటే అక్కడేదో చిక్కుంది, కూర్చుని మాట్లాడండి, తిట్టడానికి కాదు. తిడితే వచ్చేవారం నుంచి మీకు మంచి అంకెలే వస్తాయి, పని మాత్రం రాదు.

అప్‌డేట్ చేసే బాధ్యత ఒక్కరిదే కావాలి, వారానికి ఒక్కసారి, ఒకే రోజు. చార్టులో రెండొందల లైన్లుంటే అందుకే చూడటం మానేశారు. ఒకటి రెండు గంటల పనులన్నీ తీసేసి మీ టాస్క్ బోర్డులోకి పంపండి, చార్టులో రోజుల్లో కొలిచేవే ఉంచండి. ప్లాన్ అందరూ ఒప్పుకున్న రోజున బేస్‌లైన్, అంటే ఆ మొదటి ప్లాన్ కాపీ, సేవ్ చేశారా? చేయకపోతే ఇవాళే చేయండి. లేకపోతే ప్రతి ఆలస్యానికీ పట్టీని జరుపుకుంటూ పోతారు, చివరికి మొదట ఏం అనుకున్నారో ఎవరికీ గుర్తుండదు, క్లయింట్‌కి తప్ప.