మీ నాన్న కంప్యూటర్ ముట్టుకునే ముందు

చిట్టితల్లీ,

నువ్వు మీ నాన్న కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం పెడుతున్నావని మా అన్నయ్య నిన్న ఫోనులో చెప్పాడు. గొంతులో సగం గర్వం, సగం బెరుకు. నా సంగతీ అంతే అనుకో. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఆ పాత యంత్రం మీద విండోస్ 11 ఎక్కనంటోంది. నిక్షేపంలా పనిచేస్తున్నదాన్ని మూలన పడేయడానికి నీకు మనసొప్పలేదు. అంతవరకు నా మేనకోడలు అనిపించుకున్నావు. ఆ తర్వాత అన్నయ్య అన్న మాటకే రాత్రి నిద్ర పట్టలేదు: "చాలా అందంగా చేస్తుందట, విండోలు గాలిలో తేలుతాయట."

ముందు నీకు తెలిసినవే. ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూసుకో. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ మీంచే నడిపి వైఫై, ప్రింటర్, శబ్దం పరీక్షించు. వీటి గురించి నీకు పాఠం చెప్పను.

లినక్స్‌లో తెర మీద మెనూ, విండోలు ఎలా కనిపించాలో, ఎలా నడవాలో చూసుకునేది డెస్క్‌టాప్, అందులో రకాలున్నాయి. వాటి గురించి మాత్రం చెబుతాను. విసుక్కోకుండా చదువు.

2007లో నేనూ నీలాగే ఉండేదాన్ని. అప్పట్లో కంపిజ్ అని ఒక ప్రోగ్రాం ఉండేది. దాన్ని పెడితే డెస్క్‌టాప్ నాలుగు పక్కల పెట్టెలా గిర్రున తిరిగేది, ఒక్కో పక్క ఒక్కో వర్క్‌స్పేస్, అంటే విండోలు పరుచుకునే విడి తెర. చూసినవాళ్లందరూ నోరు తెరిచేవాళ్లు. నాకదో మత్తు. మీ తాతయ్య కంప్యూటర్‌లోనూ పెట్టేశాను. ఖాళీ తెర మీద మౌస్ చక్రం కదిపితే పెట్టె తిరిగేలా అమర్చి, రెండుసార్లు తిప్పి చూపించాను. "బాగుందమ్మా" అన్నారు. అది నా ముచ్చట చూసి అన్నమాటని నాకప్పుడు తోచలేదు.

ఆయన అప్పుడు తన ఉద్యోగ జ్ఞాపకాలు రాసుకుంటున్నారు. రెండు చూపుడు వేళ్లతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తప్పు పడితే కళ్లజోడు పైకి నెట్టి కీబోర్డును నేరస్థుణ్ని చూసినట్టు చూస్తూ. ఒక మధ్యాహ్నం వేలు చక్రానికి తగిలింది. రాస్తున్నదంతా పక్క వర్క్‌స్పేస్‌లోకి వెళ్లిపోయింది, ఎదురుగా ఖాళీ తెర. కింద పట్టీలోనూ దాని జాడ లేదు, ఎందుకంటే ఆ పట్టీ ఎదుట ఉన్న వర్క్‌స్పేస్‌లోని విండోలనే చూపించేది. పదకొండు పేజీలు తన చేతులతోనే చెరిపేశాననుకున్నారు. నన్ను పిలవలేదు. కొత్త ఫైలు తెరిచి మొదటి వాక్యం నుంచి మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టారు. మూడు రోజులు!

నాలుగో రోజు ఏదో పనికి నేను కూర్చుని చక్రం తిప్పితే, పక్కనే పాత ప్రతి. సగం వాక్యం దగ్గర కర్సర్ ఇంకా మినుకుమినుకుమంటోంది. "ఇదిగో, ఇక్కడే ఉంది కదా నాన్నా" అని నవ్వాను. నవ్వాను చూశావా, ఇప్పటికీ గుచ్చుకునేది అదే. ఆయన కాసేపు తెర వంక చూసి, "నా చేతిదేలే తప్పు, వయసు మీద పడింది" అన్నారు. తప్పు ఆయన చేతిది కాదు, కంపిజ్‌దీ కాదు, నాది. తర్వాత రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చదివాను. రెండోది ఏడు పేజీలే. నేను పుట్టిన రాత్రి డ్యూటీ వదిలి రాలేకపోయిన సంగతి మొదటిదాంట్లో ఉంది, రెండోదాంట్లో లేదు. మర్చిపోయారో, మళ్లీ అంతా టైపు చేసే ఓపిక లేకపోయిందో, నేను అడగలేదు.

కాబట్టి నా సలహాల్లో భయం పాలు ఎక్కువే, భరించు.

మీ నాన్నకు కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, మధ్యలో తెరిచిన విండోల వరస అలవాటు. లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌తో వచ్చే సిన్నమన్ డెస్క్‌టాప్‌లో ఇవన్నీ అక్కడే ఉంటాయి. నా ఓటు దానికే. మింట్ ఒక్కో వెర్షన్‌కు ఐదేళ్ల మద్దతు ఉంటుంది కాబట్టి ఏడాదికోసారి ఇల్లు మార్చే పని లేదు.

కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్ కూడా పోలికకు దగ్గరే. కేడీఈని మొదలుపెట్టిన మథియాస్ ఎట్రిచ్ ఆ సంగతి ప్రకటించింది 1996లో, అదీ అక్టోబర్ 14నే, విండోస్ 10 చివరి రోజు తేదీ చూశావా! నిపుణుల కోసం కాదు, ఇంటర్నెట్ చూసుకుని, ఉత్తరాలు రాసుకుని, కాసేపు ఆటలాడుకునే మామూలు మనిషి కోసం అని ఆయన అప్పుడే రాశాడు. అచ్చం మీ నాన్నే. కాని ప్లాస్మాలో మార్చుకోలేనిదంటూ దాదాపు ఏదీ ఉండదు, నువ్వేమో మార్చకుండా ఉండలేవు. అదీ నా బెంగ.

గ్నోమ్ అనే డెస్క్‌టాప్ నేను రోజూ వాడేదే, శుభ్రంగా ఉంటుంది. అయినా అన్నయ్యకు వద్దు. పైన ఎడమ మూలకు మౌస్ తగిలితే చాలు, విండోలన్నీ చిన్నవైపోయి తెరంతా పరుచుకుంటాయి. విండోను కిందికి దించే బటన్ మనం పెట్టుకుంటే తప్ప ఉండదు. ఎక్స్‌టెన్షన్లతో, అంటే పైన చేర్చుకునే చిన్న ప్రోగ్రాములతో, సరిచేస్తానంటావు, నాకు తెలుసు. ఆరు నెలలకో కొత్త వెర్షన్ వస్తుంది, దానితో ఏదో ఒక ఎక్స్‌టెన్షన్ మూలుగుతుంది. ఆ రోజు నువ్వు ఆ ఇంట్లో ఉండవు.

మెమరీ మరీ తక్కువైతే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టు, తేలిగ్గా నడుస్తుంది. కాని అందులో ఖాళీ డెస్క్‌టాప్ మీద మౌస్ చక్రం తిప్పితే వర్క్‌స్పేస్ మారిపోతుంది. పెట్టిన మొదటి నిమిషంలోనే విండో మేనేజర్ ట్వీక్స్‌లోకి వెళ్లి ఆ టిక్కు తీసేయ్. ఏ డెస్క్‌టాప్ పెట్టినా సరే, వర్క్‌స్పేస్ ఒక్కటే ఉంచు. ఒక్కటే. ఈ మాట వినకపోతే నేనే బయల్దేరి వస్తాను.

నాలుగూ ఒకేచోట పెట్టి చూద్దామని మాత్రం అనుకోకు. మెనూలో రెండేసి ఫైల్ మేనేజర్లు, రెండేసి సెట్టింగ్స్ చేరతాయి, ఏది ఎవరిదో నీకే తెలియదు. వేర్వేరు పెన్‌డ్రైవ్‌ల నుంచి నడిపి చూడు.

తెలుగు సంగతి మర్చిపోకు. పెన్‌డ్రైవ్ దశలోనే, భాషల కీబోర్డులు చేర్చే ఐబస్ అనే ప్రోగ్రాంలో తెలుగు కీబోర్డు పెట్టి "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" అని టైపు చేసి చూడు, బ్రౌజర్‌లోనూ, లిబ్రే ఆఫీసులోనూ. ఒత్తులు విడిపోతే ముందు నోటో ఫాంట్ పెట్టి చూడు. అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి. కళ్లజోడు మార్చుకోవాలని అన్నయ్య ఏడాదిగా అంటున్నాడు, మార్చుకోడు.

అన్నీ అయ్యాక మీ నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, నువ్వు వెనకాల చేతులు కట్టుకుని నిలబడు. ఒక ఉత్తరం రాయమను, దాచమను, మూసి మళ్లీ తెరవమను. ఎంత ఆలస్యమైనా మౌస్ లాక్కోకు. ఎక్కడ ఆగాడో కాగితం మీద రాసుకో. "నా వల్లే ఏదో పాడైంది" అని ఒక్కసారి అన్నాడంటే, అమర్చినదాంట్లో ఏం మార్చాలో చూసి, రాత్రి ఎంతైనా సరే నాకు ఫోను చెయ్యి.

గాలిలో తేలే విండోలు నీ కంప్యూటర్‌లో పెట్టుకో. వచ్చినప్పుడు నాకూ చూపించు, ఆ సరదా నాకింకా పోలేదు.

మీ అత్తయ్య