బీటిల్ కొంటానన్న మేనల్లుడికి

ఒంగోలు

చిరంజీవి చిన్నాకు అత్త ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి, "అక్కా, వాడికి నువ్వైనా చెప్పు" అన్నాడు. ఏం చెప్పాలని అడిగితే అప్పుడు బయటపెట్టాడు. నువ్వు పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కొని, కన్యాకుమారి దాకా వెళ్ళి, పడమటి తీరం పట్టుకొని గోవా చేరి, హుబ్బళ్ళి, బళ్ళారి, నంద్యాల మీదుగా ఇంటికి వస్తావట. నేను నిన్ను ఆపాలని వాడి కోరిక. ఆపను. ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సగం భయం, సగం సంతోషం. మీ మామయ్య పిచ్చి ఈ ఇంట్లో ఆయనతోనే పోయిందనుకున్నాను. ఎవరికో ఒకరికి అంటుకుందన్నమాట.

నువ్వు పంపిన మూడు బళ్ళ ఫొటోలూ చూశాను. వెనక అద్దం కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బెంగళూరు బండి మీద నీ మనసు పడిందని రాసిన తీరులోనే తెలుస్తోంది. అందంగానే ఉంది, కాదనను. ఆ అద్దం 1953 నుంచి 1957 దాకా వచ్చిన బళ్ళకే ఉంటుంది కాబట్టి ధర కూడా అద్దానికే చెబుతారు. కానీ అది 6 వోల్టుల బండి. రాత్రిపూట దాని లైట్ల వెలుగులో ఎదురుగా గేదె ఉందో గుంట ఉందో దగ్గరికి వెళ్ళేదాకా తెలియదు. మొదటి గేరుకు సింక్రో, అంటే కదులుతుండగానే గేరు సాఫీగా పడేట్టు చేసే అమరిక, ఉండదు, బండి పూర్తిగా ఆగితే తప్ప సాఫీగా పడదు. ఘాటు రోడ్డులో లారీ వెనక నత్తనడక నడిచేటప్పుడు ఆ సంగతి నీకు బాగా అర్థమవుతుంది. దాన్ని పెళ్ళి ఊరేగింపులకు పెట్టుకునేవాళ్ళు కొనుక్కుంటారులే.

రెండోది కాంబీ వ్యాను. లోపల పడుకోవచ్చు, వండుకోవచ్చు అని సంబరపడుతున్నావు. దాని వెనక ఉన్నదీ బీటిల్ జాతి ఇంజనే. బరువు మాత్రం చాలా ఎక్కువ, గాలికి అడ్డంగా లేచిన గోడ లాంటి ముఖం. మన ఎండల్లో, నిండా సామానుతో, ఆ చిన్న ఇంజనును అంత దూరం తోలడం నాకిష్టం లేదు.

ఇక నువ్వు చివర్లో మొక్కుబడిగా పెట్టిన చెన్నై బండి. రంగు వెలిసి, బంపరు వంగి, చూడటానికి దిక్కులేనిదిలా ఉంది. 1300 సీసీ ఇంజను, 12 వోల్టులు, 1960ల చివరిది. అదే చూడు. ఈ బళ్ళు 2003లో మెక్సికోలో ఆగిపోయేదాకా రెండు కోట్ల పైచిలుకు తయారయ్యాయి కాబట్టి ఇంజను సామాను ఇప్పటికీ తెప్పించుకోవచ్చు. తుప్పు పట్టిన నేల రేకును బాగుచేయడమే కష్టం.

బండి చూడటానికి వెళ్ళేటప్పుడు, ఇంజను స్టార్టు చేయకుండా ఉంచమని ముందే చెప్పు. నువ్వు వెళ్ళేసరికి వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారని అర్థం. చల్లగా ఉన్నప్పుడు వెనక మూత ఎత్తి, కింద ఉన్న పెద్ద పుల్లీని రెండు చేతులతో పట్టుకొని నీవైపు లాగు, అటు నెట్టు. ఉండవలసిన ఆట మిల్లీమీటరులో పదో వంతు, అది చేతికి అందదు. టక్కుమని చప్పుడు వినిపించిందా, క్రాంకు షాఫ్టు ఆనే చోటు అరిగిపోయింది, ఇంజను దించి మొత్తం విప్పవలసిందే. ధర తగ్గిస్తామన్నా వద్దు. ఒక అయస్కాంతం జేబులో పెట్టుకో. తలుపుల కింది అంచుల్లో, మడ్‌గార్డుల దగ్గర అతికించి చూడు. అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది.

ఆ తరువాత వెనక సీటు ఎత్తు. బ్యాటరీ అక్కడే ఉంటుంది, కుడి వైపున. ఏళ్ళ తరబడి కారిన ఆమ్లం ఆ కింది రేకును తినేస్తుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తుపాను తీరం దాటినప్పుడు మన బండి సగం దాకా నీళ్ళలో నిలబడింది. పైకి అంతా కడిగి తుడిచాం, మెరిసింది కూడా. కొంత కాలానికి సీటు ఎత్తి చూస్తే బ్యాటరీ పక్కన కన్నంలోంచి కింద మట్టి కనిపించింది. సముద్రపు గాలి తిన్న బళ్ళలో ఇది మామూలే, చెన్నై బండి కాబట్టి మరీ జాగ్రత్తగా చూడాలి. ఇంకొక సంగతి. ఆ బ్యాటరీ మీద మూత లేకపోతే, లావుపాటి మనిషి వెనక కూర్చున్నప్పుడు సీటు స్ప్రింగులు టెర్మినళ్ళకు తగులుతాయి. స్ప్రింగు ఎర్రగా కాలి పైనున్న పీచు అంటుకుంటుంది. ఊరికే బెదిరించడం లేదు, ఈ బళ్ళకు ఉన్న పేరుమోసిన రోగం అది. మూత లేకపోతే మందపాటి రబ్బరు షీటు కోయించి వేయి.

నిప్పు మాట వచ్చింది కాబట్టి పెట్రోలు గొట్టాల సంగతీ చెబుతాను. బీటిల్‌కు ట్యాంకు ముందుంటుంది, ఇంజను వెనకుంటుంది. పెట్రోలు బండి పొడవునా ప్రయాణం చేసి, చివర్లో రబ్బరు గొట్టాల్లోంచి పంపుకూ కార్బొరేటరుకూ చేరుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఐదో వంతు ఇథనాలు కాబట్టి పాత రబ్బరు నానిపోయి పగుళ్ళు ఇస్తుంది. పగులులోంచి చుక్కలు పడేది కాగుతున్న ఇంజను మీద. బండి కొన్న రోజే, ఇంటికి కూడా తీసుకురాకముందు, ఆ గొట్టాలన్నీ ఇథనాలుకు తట్టుకునే రకంతో మార్పించి క్లిప్పులు బిగించు. నిప్పు ఆర్పే సిలిండరు నీ సీటు పక్కనే ఉండాలి, డిక్కీలో కాదు. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

సరే, ఇక మీ మామయ్య చేసిన ఘనకార్యం. నువ్వు అప్పటికి పుట్టలేదు.

రోహిణి కార్తె. నెల్లూరులో మా చిన్నత్తగారి మనవరాలి పెళ్ళికి బయలుదేరాం. ముందు మేమిద్దరం, వెనక మా అత్తగారు, ఆవిడ ఒడిలో పూలబుట్ట. పొద్దున్నే బయలుదేరదామని నేను, పెళ్ళివారింటికి వట్టి చేతులతో వెళ్ళకూడదని ఆయన. ఉలవపాడులో బండి ఆపి మామిడిపళ్ళు బేరం చేసి, బుట్టలకు బుట్టలు ముందున్న డిక్కీలో సర్దించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఊరు దాటి కొంత దూరం వెళ్ళామో లేదో, స్పీడు చూపించే గుండ్రని మీటరులో ఎర్ర దీపం వెలిగింది. నేను చూపించాను. ఆయన నవ్వి, "అది డైనమో దీపం. చార్జింగు లేదు, అంతే. పగటిపూట లైట్లు వేస్తామా ఏమన్నానా? బ్యాటరీలో ఉన్నదానితో కావలి చేరతాం, అక్కడ చూపిద్దాం" అన్నారు.

ఆయన అంత ధీమాగా ఉండటానికి కారణం ఉంది. అంతకుముందు మా మామగారి అంబాసిడర్‌లో ఒకసారి అదే దీపం వెలిగితే, డైనమో బ్రష్షులు అరిగాయని తేలింది. అలాగే ఇంటిదాకా నడుపుకొచ్చారు. పైగా అంబాసిడర్ వేడెక్కితే ముల్లు పైకి లేస్తుంది, రేడియేటరు పొగలు కక్కుతుంది. ఆయన ఆ పొగ కోసం చూస్తున్నారు. బీటిల్‌లో పొగలు కక్కడానికి నీళ్ళేవీ? వేడి చూపించే ముల్లు కూడా లేదు. ఇంజనును చల్లబరిచే ఫ్యాను డైనమో ఇరుసు మీదే ఉంటుంది, రెండింటినీ తిప్పేది ఒకటే బెల్టు. బెల్టు తెగితే చార్జింగు పోయినట్టు మాత్రమే కనిపిస్తుంది. నిజానికి ఆ నిమిషంలోనే గాలి ఆగిపోతుంది. ఇంజను మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంటుంది.

కొంచెం సేపటికి కాలిన నూనె వాసన వచ్చింది. పొలాల్లో ఏదో తగలబెడుతున్నారన్నారు. తరువాత బండి బరువెక్కింది. ఆయన ఆక్సిలరేటరు ఇంకా తొక్కారు. తెట్టు దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి టకటకమని మొదలై, పెద్ద చప్పుడు చేసి, ఆగిపోయింది. రోడ్డు పక్క టీ కొట్టులోంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. కారు వేడెక్కి ఆగిందంటే మన వాళ్ళకు తెలిసిన వైద్యం ఒకటే కదా, ఇద్దరు బిందెలతో నీళ్ళు తెచ్చారు. ముందు మూత ఎత్తితే మామిడిపళ్ళు కనిపించాయి. వెనక మూత ఎత్తితే నీళ్ళు పోసే చోటు లేదు. ఒక కుర్రవాడు మంచి మనసుతో ఆ బిందె ఇంజను మీదే కుమ్మరించబోతుంటే నేను చేయి పట్టుకొని ఆపాను. అంత వేడి మీద చన్నీళ్ళు పడితే మిగిలినది కూడా పగిలేది. ఆ నీళ్ళు మా అత్తగారు ముఖం కడుక్కోవడానికి పనికొచ్చాయి.

ముహూర్తం మేం చూడలేదు. కొబ్బరికాయల లారీలో నెల్లూరు చేరేసరికి భోజనాల ఆఖరి బంతి లేస్తోంది. అత్తగారు అన్న మాటలు రాయను.

కావలి షెడ్డులో ఇంజను దించితే, మూడో సిలిండరులో ఎగ్జాస్టు వాల్వు తల తెగిపడి, పిస్టనుకు కన్నం పడి ఉంది. తెగిన బెల్టు ముక్కలు రేకుల మధ్య చుట్టుకున్నాయి. ఎప్పుడూ మూడోదే ఎందుకు పోతుందో ఆ మేస్త్రీ నాకు చూపించాడు. ఆ కాలపు ఇంజన్లలో నూనె చల్లబరిచే చిన్న రేడియేటరు ఫ్యాను డబ్బా లోపలే, సరిగ్గా మూడో సిలిండరుకు గాలి వెళ్ళే దారిలో ఉండేది. అందరికన్నా తక్కువ గాలి దానికే, ముందు చచ్చేదీ అదే. 1970 తరువాత వచ్చిన 1600 ఇంజన్లలో ఆ చిన్న రేడియేటరును పక్కకు జరిపారు. నువ్వు చూసే బండికి తరువాతి ఫ్యాను డబ్బా ఎవరైనా వేయించి ఉంటే ఇంకా మంచిది.

అన్నిటికన్నా మీ మామయ్యను బాధించిన సంగతి వేరే. కొత్త బెల్టు బండిలోనే ఉంది. స్పానరు కూడా ఉంది. డిక్కీలో, మామిడి బుట్టల అడుగున. డైనమో పుల్లీ నట్టు విప్పి బెల్టు మార్చడం పావుగంట పని. ఆ తరువాత ఆయన ఆ ఎర్ర దీపం ఒక్క క్షణం మినుకుమన్నా, నడిరోడ్డయినా సరే పక్కకు తీసి ఇంజను ఆపేవారు. నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు అనుకుంటాను, వెనక సీటు వెనకనున్న సామాను గూటిలో పడుకొని నిద్రపోయేవాడివి. ఇంజను వెచ్చదనం, ఆ చప్పుడు నీకు జోల. బండి ఆగగానే లేచి, "మామయ్యా, ఎర్ర దీపమా?" అనేవాడివి. నీకు గుర్తుందో లేదో.

కాబట్టి బెల్టు, 21 మి.మీ. స్పానరు, స్క్రూడ్రైవరు సీటు కింద పెట్టుకో. బయలుదేరకముందు మన వాకిట్లో నా ఎదుట ఒకసారి మార్చి చూపించు. బొటనవేలితో నొక్కితే అర అంగుళానికి కొంచెం ఎక్కువగా వంగాలి. మరీ బిగిస్తే డైనమో బేరింగు పోతుంది. ఇంజను చుట్టూ ఉన్న రేకులు, వాటి అంచు రబ్బరు కూడా ఉన్నాయో లేదో చూడు. "మన ఎండలకు ఇవి ఎందుకమ్మా, తీసేస్తే గాలి ఆడుతుంది" అనే మేస్త్రీలుంటారు. అవి లేకపోతే కింది నుంచి లేచే వేడిగాలినే ఫ్యాను మళ్ళీ పీలుస్తుంది.

మిగతావి నీకు తెలిసినవే. నూనె రెండున్నర లీటర్లే పడుతుంది, ఫిల్టరు ఉండదు, జల్లెడ మాత్రమే, కాబట్టి 5,000 కిలోమీటర్లకు మార్చాలి, రోజూ పొద్దున్నే గేజీ పుల్ల తీసి చూడాలి. టాపెట్ల దగ్గర, అంటే వాల్వుల దగ్గర, సందు సరిచేసేది ఇంజను చల్లగా ఉన్నప్పుడే, 0.15 మి.మీ. ఆక్సిలరేటరు కేబులు, క్లచ్ కేబులు, పాయింట్లు, కండెన్సరు ఒక్కొక్కటి అదనంగా. ముందు టైర్లలో గాలి వెనకవాటికన్నా తక్కువ ఉండాలి, బంకు కుర్రాళ్ళు నాలుగింటికీ ఒకేలా కొట్టేస్తారు, దిగి నిలబడి చూసుకో.

కాగితాల దగ్గర ఒక తిరకాసు ఉంది. 50 ఏళ్ళు దాటిన బళ్ళకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషను పెట్టారు, నంబరులో వీఏ అని వస్తుంది. గొప్పగా ఉంటుందని అది చేయించావనుకో, ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పనివ్వరు. మామూలు రిజిస్ట్రేషను అయిదేళ్ళకొకసారి పొడిగించుకుంటూ వస్తున్న బండి అయితేనే కొను.

మేలో బయలుదేరతానన్నావట. కుదరదు. సంక్రాంతి వెళ్ళాక బయలుదేరు. ఎప్పుడు వెళ్ళినా తెల్లవారకముందే మొదలుపెట్టి పదకొండింటికి నీడకు చేరు. 80 దాటకు, దాటినా ఎవరూ మెచ్చుకోరు. ఘాట్లలో టాప్ గేరులో మూలిగిస్తూ ఎక్కించడం మీ నాన్న అలవాటు, నీకూ ఉంది. ఫ్యాను తిరిగేది ఇంజనుతోనే కదా, ఇంజను నెమ్మదిస్తే గాలీ తగ్గుతుంది. మూడులోకో రెండులోకో దించి, చప్పుడు చేసినా సరే, చురుగ్గా తిరగనివ్వు. నంద్యాల నుంచి గిద్దలూరు వచ్చే నల్లమల దారి నీ ప్రయాణానికి చివర్లో వస్తుంది. ఇల్లు దగ్గరపడిందన్న తొందరలో ఉంటావు. అక్కడే నాకు భయం. నంద్యాలలో రాత్రి పడుకొని పొద్దున్నే ఎక్కు.

చెన్నై ఎప్పుడు వెళ్తావో చెబితే నేనూ వస్తాను. మోకాళ్ళు నొప్పులే గాని పుల్లీ పట్టుకొని లాగడానికి చేతులు బాగానే ఉన్నాయి. ఈలోపల ఆ బండాయనకు ఫోను చేసి, వెనక సీటు ఎత్తి, బ్యాటరీ తీసి, కింది రేకు ఫొటో పంపమను. పంపడానికి నసిగితే టిక్కెట్టు కొనవద్దు.

ఆశీస్సులతో,
అత్త