సీడ్ టెస్ట్ చూసి డీఎన్‌ఏ చదువుతానంటోంది, చదివించాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఒక పల్లె. ఆరెకరాల్లో వెనామీ రొయ్య వేస్తాం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. సీడ్ (రొయ్య పిల్లల) టెస్ట్ కోసం నాతోపాటు పీసీఆర్ ల్యాబ్‌కి వచ్చిన రోజు నుంచి ‘డీఎన్‌ఏ చదువుతా, నీట్ వద్దు’ అంటోంది. బయోటెక్నాలజీ వాళ్లకి ఉద్యోగాల్లేవని మా బావమరిది అంటాడు. నర్సింగ్ మేలని మా అమ్మ. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారమండీ. మీ బావమరిదిగారి మాటలో సగం నిజం ఉంది. అది ముందే ఒప్పుకుంటాను. బీఎస్సీ బయోటెక్నాలజీ చేసి అక్కడితో ఆగిపోతే మంచి ఉద్యోగం దొరకడం కష్టం. కోనసీమ నుంచి ఒక అబ్బాయి ఫస్ట్ క్లాస్ మార్కుల లిస్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మూడేళ్లలో మైక్రోపిపెట్, అదే చుక్కలు కొలిచే ల్యాబ్ పరికరం, ఎన్నిసార్లు పట్టుకున్నావు బాబూ అని అడిగితే తలదించుకున్నాడు. కాలేజీలో పీసీఆర్ మెషిన్ ఉందట, దాని మీద కప్పిన గుడ్డ మాత్రం ఎవరూ తీయలేదట. ఆ పిల్లాడి తప్పేముంది? అప్పటి నుంచి ఈ చదువు గురించి ఎవరు అడిగినా ముందు ల్యాబ్ గురించే మాట్లాడుతున్నాను.

మీ అమ్మాయి ఆ రోజు ఏం చూసి ఆగిపోయిందో మీరూ తెలుసుకోవాలి. హేచరీ నుంచి తెచ్చిన సీడ్‌లో కొన్ని పిల్లల్ని నలిపి డీఎన్‌ఏ బయటికి తీస్తారు. రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ ఉంటే దాని డీఎన్‌ఏ కూడా అందులో కలిసి వస్తుంది, కానీ చాలా కొద్దిగా. అందుకని ఆ వైరస్ డీఎన్‌ఏకి మాత్రమే అతుక్కునే ప్రైమర్లనే చిన్న ముక్కలు వేసి మెషిన్‌లో పెడతారు. 95 డిగ్రీల దగ్గర డీఎన్‌ఏ రెండు పోగులూ విడిపోతాయి. వేడి తగ్గించగానే ప్రైమర్లు అతుక్కుంటాయి. 72 డిగ్రీలకు తెస్తే ఎంజైమ్ ఒక్కో పోగుకీ జత అల్లుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు. 30 సార్లు తిరిగేసరికి, లెక్క ప్రకారం, ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది. పీసీఆర్ అంటే ఇదే. 1983లో అమెరికా శాస్త్రవేత్త కారీ మల్లిస్‌కి తట్టిన ఆలోచన ఇది. దీనికే పదేళ్ల తర్వాత నోబెల్ బహుమతి వచ్చింది.

1994-95లో టైగర్ రొయ్యకి తెల్లమచ్చ తగిలి చెరువులకి చెరువులే ఖాళీ అయినప్పుడు మన రైతుల చేతిలో ఈ టెస్ట్ లేదు. ఇప్పుడు ఉంది. అయినా లక్షల సీడ్‌లో కొన్నింటినే తీసి చూస్తాం కాబట్టి, నెగటివ్ వచ్చినా పీతల ద్వారానో కాలువ నీటి ద్వారానో రోగం రావచ్చు కాబట్టి, ఆ టెస్ట్ రిపోర్టుని చదివి రైతుకి అర్థమయ్యేలా చెప్పే మనిషి కావాలి. మెషిన్ నడపడం ఆరు నెలల్లో వస్తుంది. ఆ మనిషి కావడానికి అయిదారేళ్ల చదువు పడుతుంది.

ఇక వరి. 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ, ఎంటీయూ 7029, తెలియని సార్వా రైతు మన డెల్టాలో ఉండడు. మునిగితే మాత్రం దానికి కష్టం. ఒడిశాలోని ఎఫ్‌ఆర్ 13ఏ అనే పాత రకంలో సబ్1 అనే జన్యుభాగం ఉంది. అది ఉన్న మొక్క నీళ్లలో మునిగినప్పుడు పైకి సాగి బలం పోగొట్టుకోదు, ఓపిక పట్టి నీరు తీశాక చిగురిస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవాళ్లు దాన్ని మామూలు సంకరణంతోనే స్వర్ణలోకి తెచ్చారు. ఏ మొక్కకి ఆ జన్యువు వచ్చిందో ఆకు ముక్కలోని డీఎన్‌ఏ చూసి ఏరుకున్నారు. ప్రతి తరాన్నీ ముంచి చూడాల్సిన పని తప్పింది, ఏళ్లు కలిసొచ్చాయి. అలా వచ్చిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా మునకని తట్టుకుంటుంది. ఇలా డీఎన్‌ఏ చూసి మొక్కల్ని ఎంచే పనికి విత్తన కంపెనీల్లో, పరిశోధన స్థానాల్లో మనుషులు కావాలి.

మీ ఊరి పక్కనే 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని అమ్మాయికి గుర్తు చేయండి. కణం కొత్త డీఎన్‌ఏ తయారు చేసుకోవాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని ల్యాబ్‌లో తయారు చేసిన బృందాన్ని నడిపింది ఆయనే. మన ముసలమ్మలకి బాగా తెలిసిన బోదకాలుకి ఇచ్చే డీఈసీ మందు కూడా ఆయన బృందం నుంచే వచ్చింది.

నాకు బాగా ఇష్టమైన దారి ఇంకొకటి ఉంది: జెనెటిక్ కౌన్సెలింగ్, అంటే వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల గురించి కుటుంబాలకి వివరించి చెప్పే పని. మన వైపు మేనరికాలు ఇంకా చేస్తున్నారు. మేనమామని చేసుకుంటే పుట్టే బిడ్డకి ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదిలో ఒక వంతు. బావామరదళ్లయితే పదహారులో ఒక వంతు. ఈ లెక్కని ఎవరినీ తప్పు పట్టకుండా, భయపెట్టకుండా, మన తెలుగులో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు మన జిల్లాల్లో చాలా తక్కువ.

ఇప్పుడు మీరు చేయాల్సింది. అయిదేళ్లకి తక్కువ కాకుండా చదివించగలరా లేదా, ఇంట్లో తేల్చుకోండి. చదివించగలిగితే మొదటి ప్రయత్నం ఐఐఎస్ఈఆర్ (సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థలు) ప్రవేశ పరీక్ష. తిరుపతిలోనే ఒక ఐఐఎస్ఈఆర్ ఉంది, బైపీసీ వాళ్లూ రాయొచ్చు. అది రాకపోతే మంచి ల్యాబ్ ఉన్న కాలేజీలో బీఎస్సీ, తర్వాత ఎమ్మెస్సీకి గాట్-బీ, జామ్, సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షలు. ఆ పైన నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీకి మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు ఇస్తారు. అప్పటికి మీ మీద భారం ఉండదు. కాలేజీలో చేర్చేముందు రెండో సంవత్సరం పిల్లల రికార్డు పుస్తకాలు అడిగి చూడండి. పీసీఆర్ తమ చేత్తో చేశారా అని ఆ పిల్లల్నే అడగండి, ఆఫీసులో అడగొద్దు.

అన్నేళ్లు కుదరదంటే సిగ్గుపడాల్సిన పని లేదు. ఈఏపీసెట్ రాయించి బీఎఫ్ఎస్సీలో (మత్స్యశాస్త్ర డిగ్రీ) చేర్చండి. నాలుగేళ్ల చదువు, రొయ్యల రోగాలూ అందులో ఉంటాయి, మత్స్యశాఖకి దగ్గరి దారి. రైతు కుటుంబాల కోటా నిబంధనలు చదివి, భూమి కాగితాలు ఇప్పుడే సరిచూసుకోండి. నర్సింగ్ మంచి చదువే, కానీ మనసు ఇంకొకచోట ఉన్న పిల్లని దాంట్లోకి పంపొద్దని మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి.

అమ్మాయికి ఒక మాట. తల్లీ, ఐఐఎస్ఈఆర్ పరీక్షలో 60 ప్రశ్నలుంటే 15 లెక్కలే. బైపీసీ కదా అని వదిలేయకు. పదో తరగతి సంభావ్యత, శ్రేఢుల పాఠాలు ఈ వారమే తియ్యి. నువ్వు ల్యాబ్‌లో చూసిన ఆ ఒకటి, రెండు, నాలుగు కూడా గుణశ్రేఢే.